జబ్బ మాది, సంతకం ఎవరిది?

ఆదివాసులకు సూదంటే భయం. ఈ మాట ఎన్నేళ్లుగా వింటున్నామో లెక్కలేదు. ఆఫీసు మీటింగుల్లో విన్నాం, పేపర్లలో చదివాం. టీకాల టీము గూడేనికి వచ్చి, మూసిన తలుపులు చూసి వెనక్కి పోయిన ప్రతిసారీ రాసుకునేది ఒక్కటే: అవగాహన లేదు. ఆ తలుపులు ఎందుకు మూసున్నాయి, అది విప్పపువ్వు ఏరే కాలమా, మిరపకోతలకు పోయే కాలమా అని రాసినవాళ్లను మేము చూడలేదు.

అవగాహన లేదన్నది చిన్న మాటేమీ కాదు. ఆ ఒక్క మాటతో మమ్మల్ని అడగాల్సిన పని తప్పిపోతుంది. తెలియనివాణ్ణి ఏమని అడుగుతారు? వాడి బదులు ఇంకొకరు తలూపితే చాలు, ఇంకొకరు సంతకం పెడితే చాలు. అందుకే ఈ మాట మీద కొట్లాడాలనుకున్నాం. టీకా మాకు కావాలి. మా పిల్లలకు ఇంకా ఎక్కువ కావాలి. మేము వద్దనేది అడగకుండా గుచ్చడాన్ని.

ముందు సూది సంగతి తేల్చుకుందాం. మా అవ్వల చేతులు చూడండి, పచ్చబొట్లు కనిపిస్తాయి. ఆదిలాబాద్ వైపు గోండు ఆడవాళ్లకు తోటి ఆడవాళ్లు పచ్చబొట్టు పొడిచేవారు. అది ఒక్క పోటుతో అయ్యే పని కాదు. మత్తుమందు లేదు. రక్తం చిమ్ముతుంది, ఆ తర్వాత వాస్తుంది, పొక్కు కడుతుంది. అయినా కూర్చుని పొడిపించుకున్నారు. పొడిచే మనిషి ఎవరో వాళ్లకు తెలుసు. ఎందుకు పొడుస్తున్నారో తెలుసు. ఏ బొమ్మ పొడవాలో చెప్పే హక్కు వాళ్లకుంది. సూది మా జాతికి కొత్తది కాదు.

ఇప్పటి సంగతి చూడండి. జ్వరమొస్తే గూడెంలోకి బండి మీద వచ్చే ఆర్‌ఎంపీని మావాళ్లు ఏమడుగుతారు? సూదెయ్యమని అడుగుతారు. మాత్రలిస్తే సరిగా చూడలేదని సణుగుతారు. ఆదివాసులు ఊరికే సూదులు వేయించుకుంటారని డాక్టర్లే విసుక్కుంటారు. సూది చూస్తే పారిపోతారని కూడా వాళ్లే అంటారు. ఒకే మనిషి మీద రెండు ఫిర్యాదులు. రెండింటిలో ఏది నిజమో వాళ్లే తేల్చుకోవాలి.

అలాగని సూది భయం లేనేలేదని మేము చెప్పం. ఉంది. అన్ని జాతుల్లో, అన్ని ఊళ్లలో ఉంది. సూది చూడగానే కొందరికి గుండె దడదడలాడి, తర్వాత ఒక్కసారిగా రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. అది శరీరం చేసే పని, తెలివితక్కువతనం కాదు. ఒక పిల్ల పడిపోతే చూసిన పిల్లలు కూడా పడిపోవచ్చు. 2014లో కొలంబియా దేశంలోని కార్మెన్ దె బొలీవార్ అనే ఊళ్లో టీకా తర్వాత వందలమంది బడిపిల్లలకు ఇలాగే కళ్లు తిరిగాయి, చేతులు తిమ్మిరెక్కాయి. టీకాలో విషం ఉందని ఊరంతా భయపడింది. అక్కడి ఆరోగ్యశాఖ పరిశీలించి, టీకా మందుకు దీనికి సంబంధం లేదని, భయం ఒకరి నుంచి ఒకరికి పాకిందని చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇలాంటి లక్షణాల మీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే వేసింది. అంటే సూది భయం ప్రపంచమంతా ఉన్నదే. మరి అది మా ఇంటిపేరు ఎలా అయ్యింది?

దీనికి జవాబు వెతుక్కుంటూ పోతే ఆఫీసులతో పాటు హైదరాబాదులోని ఒక కొండ కూడా కనిపిస్తుంది. జూబ్లీహిల్స్, దాన్ని ఆనుకుని ఫిల్మ్‌నగర్. తెలుగువాళ్లు ఆదివాసిని చూసేది ఎక్కువగా అక్కడ తయారైన బొమ్మలోనే. గూడెం అనగానే ఈకలు, పూసలు, బల్లెం, దొరా అని పిలిచే గొంతు. పట్నం నుంచి వచ్చిన మనిషి బుద్ధి చెబితే తప్ప బాగుపడని జనం. ఈ బొమ్మను చూస్తూ పెరిగినవాడే ఒకరోజు ఆఫీసరై మా మండలానికి వస్తాడు. వస్తూ వస్తూ ఆ బొమ్మను కూడా వెంట తెచ్చుకుంటాడు.

అయితే టీకా విషయంలో ఆ కొండ మీద జరిగింది మాకు మంచి పాఠం. అందుకే దాని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

2021 ఏప్రిల్ నెల. కరోనా రెండో దెబ్బ మొదలైంది. తమిళ హాస్యనటుడు వివేక్ ఏప్రిల్ 15న చెన్నైలో అందరూ చూస్తుండగా టీకా వేయించుకున్నాడు. జనానికి ధైర్యం చెప్పడానికే అలా వేయించుకున్నాడు. మర్నాడు గుండెపోటు వచ్చింది, 17న చనిపోయాడు. శివాజీ, అపరిచితుడు సినిమాలతో మన తెలుగువాళ్లకూ బాగా తెలిసిన మనిషి. టీకా వల్లే పోయాడన్న పుకారు ఫోన్లలో ఊరూరా తిరిగింది. చదువుకున్నవాళ్లు, కార్లున్నవాళ్లు, డాక్టర్లు బంధువులుగా ఉన్నవాళ్లు కూడా దాన్ని ఒకరికొకరు పంపుకున్నారు. ఆ గుండెపోటుకు టీకాకు సంబంధం లేదని కేంద్ర నిపుణుల కమిటీ చెప్పింది అక్టోబరులో. ఆరు నెలలపాటు పుకారుదే రాజ్యం.

వివేక్ పోయిన మూడు రోజులకే, ఏప్రిల్ 20న, చిరంజీవి ఒక ప్రకటన చేశారు. 2020 లాక్‌డౌనులో పనుల్లేక పస్తులున్న సినిమా కార్మికులకు సరుకులు పంచడానికి ఆయన ముందుండి పెట్టిన కరోనా క్రైసిస్ ఛారిటీ ఇప్పుడు టీకాలు వేయిస్తుందని చెప్పారు. 45 ఏళ్లు దాటిన సినిమా కార్మికులకు, సినిమా విలేకరులకు ఉచితంగా. వాళ్ల భార్యకో భర్తకో ఆ వయసుంటే వాళ్లకు కూడా. అపోలో 24/7 వాళ్లతో కలిసి, ఏప్రిల్ 22 నుంచి నెలరోజుల పాటు. వచ్చేది ఎవరు? లైట్లు మోసేవాళ్లు, మేకప్ వేసేవాళ్లు, ఫైటర్లు, డ్రైవర్లు, కృష్ణానగర్ గదుల్లో వేషం కోసం ఎదురుచూసే జూనియర్ ఆర్టిస్టులు. వాళ్లు కూడా పేదవాళ్లే. వాళ్లకు టీకా అందడం మాకు సంతోషమే, ఈర్ష్య లేదు.

అయితే ఆ ఏర్పాటును కాస్త విప్పి చూడండి. పిలిచింది వాళ్ల మనిషి, తెరమీద వాళ్లు రోజూ చూసే మనిషి. పిలిచింది వాళ్ల భాషలో. డబ్బు అడగలేదు. నెలరోజుల గడువిచ్చారు. భార్యాభర్తలను కలిపి రమ్మన్నారు. రావడం, రాకపోవడం ఎవరిష్టం వాళ్లది. పుకారు నడుస్తున్న ఆ రోజుల్లో ఫిల్మ్‌నగర్‌కు అవగాహన లేదని ఎవరూ రాయలేదు. భయం సహజమని అందరూ ఒప్పుకున్నారు. ఆ భయం పోగొట్టడానికి ఒక పెద్దమనిషి ముందుకొచ్చాడని మెచ్చుకున్నారు. భయం కొండమీద ఉంటే సహజం, కొండకోనలో ఉంటే మూఢత్వం. ఇది ఎక్కడి న్యాయం?

అదే కాలంలో మాకు ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం. 2021 మే 1 నుంచి 18–44 ఏళ్లవాళ్లకు టీకా అన్నారు. కానీ ముందు కోవిన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, స్లాటు పట్టుకోవాలి. అంటే స్మార్ట్‌ఫోను కావాలి, సిగ్నలు కావాలి, ఇంగ్లీషు రావాలి, స్లాట్లు తెరుచుకున్న క్షణంలోనే వేలు పెట్టాలి. మా గూడేల్లో సిగ్నలు కోసం గుట్ట ఎక్కాలి. అందరికంటే దూరాన ఉన్న మనిషికి అందరికంటే పొడుగైన నిచ్చెన వేశారు. ఎక్కలేకపోతే భయపడ్డాడన్నారు. ఈ డిజిటల్ అడ్డుగోడ సంగతిని మే 31న సుప్రీంకోర్టు కూడా ప్రభుత్వాన్ని గట్టిగా అడిగింది. జూన్‌లో ప్రైవేటు ఆసుపత్రుల్లో కోవిషీల్డ్ డోసుకు 780 రూపాయలు, కోవాగ్జిన్‌కు 1,410 రూపాయలు అని పైధర కట్టారు. ఆ కోవాగ్జిన్ తయారైంది హైదరాబాదు పక్కనే, జీనోమ్ వ్యాలీలో. ఒక్క డోసు ధర మా ఉపాధిహామీ కూలి ఎన్ని రోజులదో లెక్కేసుకోండి. జూన్ 21 నుంచి 18 దాటిన అందరికీ కేంద్రం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాకే ఆ నిచ్చెన పొడుగు కాస్త తగ్గింది.

ఇదంతా అందకపోవడం గురించి. అడగకపోవడం గురించి చెప్పాలంటే ఇంకో పన్నెండేళ్లు వెనక్కి పోవాలి.

2009 జూలై. అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గార్డసిల్ అనే టీకా మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సరు తెచ్చే హెచ్‌పీవీ వైరస్‌ను ఆపే టీకా అది. చేసింది పాత్ అనే అమెరికా సంస్థ. కలిసి నడిచింది భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. సుమారు 14 వేలమంది పిల్లలు. వాళ్లలో ఎందరో ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో చదువుకునే ఆదివాసీ పిల్లలు. అది పరిశోధనలో భాగమని, వద్దంటే మానుకోవచ్చని ఎంతమంది తల్లులకు తెలుసు?

దీనికి జవాబు కాగితాల్లోనే ఉంది. తర్వాత పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకం హాస్టల్ వార్డెన్లది. మళ్లీ చదవండి. ఈ అంకె మన ఆదివాసీ యువత నోట పలకాలి. రెండువేల ఏడువందల అరవైమూడు. పిల్లల జబ్బల్లోకి దిగే మందుకు ఒప్పుకున్నది కన్నతల్లి కాదు, హాస్టల్లో అన్నం పెట్టించే ఉద్యోగి.

ఆంధ్ర, గుజరాత్ రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. అందులో ఐదుగురు మన దగ్గరివాళ్లు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని ప్రభుత్వం వేసిన విచారణ కమిటీ చెప్పింది. పాముకాటు, నీళ్లలో పడిపోవడం, పురుగుమందు, జ్వరాలు కారణాలుగా చూపింది. టీకా చంపిందని మేము అనడం లేదు. అలా అనేవాళ్లతో కూడా మేము కలవం. మా ప్రశ్న వేరు. చావుకు కారణం టీకా కాకపోయినంత మాత్రాన సంతకం సరైనదైపోతుందా? మహిళా సంఘాలు గొంతెత్తాక 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. 2013 ఆగస్టు 30న పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో దీన్ని పిల్లల హక్కుల ఉల్లంఘనగా తప్పుపట్టింది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. అక్కడ రాజ్యాంగ ధర్మాసనం 2018 మేలో తేల్చింది పార్లమెంటు సంఘం నివేదికను కోర్టులో వాడుకోవచ్చా లేదా అన్న ప్రశ్నను. వాడుకోవచ్చంది. మంచిదే. కానీ ఆ 2,763 ఇళ్లకు ఎవరైనా పోయి, అమ్మా నిన్ను అడగాల్సింది అని చెప్పారా?

ఇప్పుడు చెప్పండి. 2021లో టీకా టీము వస్తే ఆ మండలాల్లో ఒక తల్లి గడప దగ్గర నిలబడి, ఇదేం మందు, ఎందుకు, ఎవరు పంపారు అని అడిగితే అది అవగాహన లేకపోవడమా? అంతకన్నా అవగాహన ఇంకేం కావాలి? దాన్ని జ్ఞాపకం అంటారు.

ఈ కథ ఫిల్మ్‌నగర్‌కు కనిపించలేదు. 2022 మార్చిలో ఆర్‌ఆర్‌ఆర్ వచ్చింది. మా కొమురం భీం పేరు పెట్టుకున్న కథానాయకుణ్ణి కొరడాతో కొడతారు, వాడు మోకాలు వంచడు. జనం ఈలలు వేశారు. మేము కూడా చూశాం. అసలు భీం జోడేఘాట్‌లో నిజాం పోలీసులతో పోరాడుతూ 1940లో నేలకొరిగాడు. ఆయన పోరాటం అడవి మీద, నేల మీద మా మాట చెల్లాలని. సినిమా ఆ మాటను పక్కనపెట్టి కండను చూపించింది. తెరమీద ఆదివాసి ఒళ్లు చీల్చినా చలించని రాయి. తెర బయట ఆదివాసి సూది చూస్తే పరుగెత్తే పిరికివాడు. రెండు బొమ్మల్లోనూ మా నోటికి పని లేదు. మేము ఓర్చుకుంటాం, లేదా పారిపోతాం. ఎందుకని అడిగే ఆదివాసి ఏ సినిమాలో ఉన్నాడు?

సినిమా పెద్దలను మేము కోరేది ఒకటే. మీ కార్మికుడి దగ్గరికి పోయినట్టే మా మనిషి దగ్గరికి రండి. ఒళ్లంతా పూసలు కట్టి మమ్మల్ని ఆడించకండి. హాస్టల్ వరండాలో వరసగా నిలబడ్డ పిల్లల్లో ఒకతి చెయ్యి వెనక్కి లాక్కుని, మా అమ్మకు తెలుసా అని అడిగే సినిమా తీయండి. ఖర్చు కూడా తక్కువే.

ఇక మిగిలిన మాటంతా మనలో మనం చెప్పుకోవాల్సింది. టీచర్లు, వార్డెన్లు, ఏఎన్ఎంలు, డిగ్రీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు, ఇది మీకు.

ఆ టీకా మళ్లీ వస్తోంది. 2022 జూలైలో దేశంలోనే తయారైన సెర్వావాక్‌కు అనుమతి వచ్చింది. 9–14 ఏళ్ల ఆడపిల్లలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో కేంద్రం చెప్పింది. రావాల్సిందే. 2020 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి సుమారు 1.23 లక్షలమంది ఆడవాళ్లకు ఈ క్యాన్సరు వస్తోంది, 77 వేలమంది దాకా చనిపోతున్నారు. పరీక్ష చేసే ఆసుపత్రికి దూరంగా ఉన్న ఆడవాళ్లకు జబ్బు ముదిరాకే తెలుస్తుంది. అందరికంటే దూరాన ఉన్నది మన ఆడవాళ్లే. కాబట్టి ఈ టీకా ముందు మన పిల్లలకే అందాలి. 2009 మనకు నేర్పింది టీకా వద్దనమని కాదు. సంతకం ఎవరిదో చూడమని.

టీచరమ్మలారా, సార్లూ, తల్లి బదులు మీరు సంతకం పెట్టకండి. పైనుంచి ఫోను వస్తుంది, ఈరోజే అయిపోవాలంటారు. పెట్టకండి. తల్లిదండ్రులు దూరంగా ఉన్నారని, చదువు రాదని, అడిగితే వద్దంటారని మీకు చెబుతారు. ఒక్కొక్కదానికి జవాబుంది. పండక్కి పిల్లల్ని తీసుకుపోవడానికి ఆ తల్లిదండ్రులే కదా వస్తారు? ఆ రోజు చెప్పండి. సంతరోజు చెప్పండి. గ్రామసభ పెట్టి కోయలోనో, గోండిలోనో, కొలామీలోనో చెప్పించండి. చదువు రాకపోతే చదివి వినిపించండి. వేలిముద్ర వేయించే ముందు, ఏం అర్థమైందో ఆమె నోటితోనే చెప్పించుకోండి. వద్దంటే? వద్దన్నవాళ్లతో మళ్లీ మాట్లాడండి. ఈసారి టీకా వేయించుకున్న ఇంకో తల్లిని వెంటబెట్టుకుని పోండి. భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 పెసా చట్టం చెబుతోంది. నేలకున్న మర్యాద మా పిల్లల ఒంటికి లేదా?

ఆలస్యమైతే ప్రాణాలు పోతాయనేవాళ్లున్నారు. అంటువ్యాధి తరుముకొస్తున్నప్పుడు ఆ మాటకు బరువుంది. కానీ తరుముకొస్తున్న 2021లో కూడా సినిమా కార్మికులకు నెలరోజులు ఇవ్వగలిగారు. ఈ క్యాన్సరు టీకాకు ఏళ్ల వ్యవధి ఉంది. ఒక సంత, ఒక గ్రామసభ పట్టేంత సమయం ఇవ్వలేమా? అసలు ఆలస్యం చేసింది ఎవరు? 2009లో సక్రమంగా అడిగి వేసుంటే ఈ పదిహేనేళ్లలో ఎంతమంది పిల్లలు ఈ టీకా వేయించుకుని ఉండేవారో!

పిల్లల భయాన్ని కూడా మనమే చూసుకోవాలి. నొప్పి ఉండదని అబద్ధం చెప్పకండి. ఉంటుంది, చీమ కుట్టినంత, కాసేపే, రేపు జబ్బ కొంచెం సలుపుతుంది అని చెప్పండి. ఒక అబద్ధం దొరికితే మిగతా నిజాలన్నీ పోతాయి. ఒకరికి వేస్తుంటే మిగతా అందరూ చూసేలా వరసలో నిలబెట్టకండి. తెర కట్టండి, గది వేరు చేయండి. ఖాళీ కడుపుతో పంపకండి. కూర్చోబెట్టి వేయించండి, ఇంతకుముందు కళ్లు తిరిగిన పిల్లనైతే పడుకోబెట్టండి. అలాంటి పిల్లకు కాళ్ల కండరాలు బిగించి వదులుతుండమని నేర్పండి, రక్తపోటు పడిపోకుండా ఉంటుంది. టీకా వేసే చెయ్యి మాత్రం వదులుగా ఉంచాలి. సూదిని చూడాలా వద్దా అన్నది పిల్ల ఇష్టం. పక్కన స్నేహితురాలిని కూర్చోనివ్వండి. టీకా అయ్యాక పదిహేను నిమిషాలు పంపించకండి. చేతులు కాళ్లు పట్టుకుని బలవంతంగా వేయించిన పిల్ల ఆ తర్వాత ఏ ఆసుపత్రి గడపా తొక్కదు. పడిపోయిన పిల్లను చూసి నవ్వకండి, నవ్వనివ్వకండి.

యువతకు ఒక పని. మీ చెల్లెలి హాస్టల్‌కు వెళ్లినప్పుడు అంగీకార పత్రాలు చూపించమని అడగండి. అది తెలుగులో ఉందా, మందు పేరుందా, వద్దనే వీలుందని రాసుందా, టీకా తర్వాత ఒంట్లో బాగుండకపోతే ఎవరికి చెప్పాలో ఉందా, కింద సంతకం ఎవరిది? ఈ ఐదూ చూడండి. పుకారు ఫోనులో వస్తే ముందుకు పంపకండి, నిజం కనుక్కుని గూడెంలో చెప్పండి. మనకు సినిమా హీరో లేకపోవచ్చు. నర్సు కోర్సు చదివిన అక్క ఉంది, పటేలు ఉన్నాడు, గూడెం పెద్ద ఉన్నాడు, మాట వినిపించే ఆశా ఉంది. ముందుగా వాళ్ల జబ్బకు వేయించండి, గూడెం చూస్తుంది.

ప్రభుత్వాన్ని అడిగేది కూడా ఇంతే. మందు తెండి. మా భాష తెచ్చుకోండి. మా పంటల కాలం చూసి రండి. అడగండి. మేము అవునంటే వేయండి, ఎందుకంటే చెప్పండి. చొక్కా చెయ్యి మేమే పైకి మడుస్తాం. కాగితం మీద సంతకం కూడా మేమే పెడతాం.